అత్త రాయించిన ‘దించు’

మా అత్త పోయింది. ఇరవై రోజుల కిందట, ఒక మంగళవారం రాత్రి తన ఇంట్లో, తాను కెలుక్కున్న సంగటి తాను తిని, తన మంచం మీద పడుకుంది. తెల్లారి లేవలేదు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు టాక్సీలో తిరిగినవాళ్ళకు ఆమెను గుర్తు చేయాల్సిన పని లేదు. డ్రైవరు పక్క సీట్లో, తలమీద కొంగు కప్పుకొని, కాళ్ళ మధ్య నీళ్ళ బిందె పెట్టుకొని, రోడ్డును కాకుండా డ్యాష్‌బోర్డును చూస్తూ కూర్చునే ఆవిడే. నాకు మేనమామ భార్య. ఆ బండి ఆమెది. దాన్ని తోలేది నేను.

పాడె ఎత్తుకొని పోతూ దింపుడు కళ్ళం దగ్గర ఆగాము. ముందు నడుస్తున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, “దించండప్పా” అన్నాడు. పాడెకు ఆ పక్క హాలహర్వి నుంచి వచ్చిన అత్త సొంత అన్న, ఈ పక్క నేను. వరసకు ఆయన నాకు పెద్దనాయన. ఆ మాట వినగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. ముందు ఆయనకు నవ్వు వచ్చింది. ఆపుకోబోయి, ఆపుకోలేక, గట్టిగానే నవ్వేశాడు. ఆయన్ను చూసి నేనూ నవ్వాను. పెద్దనాయన వంగి చెల్లెలి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచేటప్పటికి ఆ నవ్వు ఏడుపైంది. వెనక వచ్చేవాళ్ళు మాకు మతి తప్పిందనుకున్నారు. కొంతమంది చెడ్డగానే అనుకున్నారని తర్వాత చెవిన పడింది. అనుకోనీ. ఆ మాట వెనక ఉన్న సంగతి వాళ్ళకు తెలియదు. తెలిసినవాడిని కాబట్టి రాస్తున్నాను.

మామ పోయేటప్పటికి అత్తకు మిగిలింది ఒక మట్టి మిద్దె, ఒక పాత అమెరికా కారు. పిల్లలు లేరు. పెట్రోలు బండి అది. ఏనుగంత ఒళ్ళు, ఏనుగంత తిండి. అయినా మగ్గాలవాళ్ళు, పత్తి బేరగాళ్ళు, పెళ్ళివాళ్ళు ఎక్కుతూ దిగుతూ ఉన్నన్నాళ్ళు ఇల్లు గడిచింది. అప్పుడప్పుడే ఆదోని బళ్ళారి జిల్లా వదిలి కర్నూలు జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది గానీ మా రోడ్డు మారలేదు, గుంతలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

మామ నాటి డ్రైవరు మహా భక్తుడు. ఇంజనులో నూనె ఒత్తిడి ఎంతుందో చూపించే గుండ్రటి అద్దం సరిగ్గా ఆయన కళ్ళకు ఎదురుగా ఉండేది. మంచి చోటు కదా అని దానిమీద స్వామి పటం అంటించాడు. ఒక ఎండాకాలం నూనె గొట్టం పగిలి, దారి పొడవునా నూనె కారిపోయింది. అద్దంలో ముల్లు పడిపోయింది. పడిపోయిన సంగతి పటంలో ఉన్న స్వామికి తప్ప ఎవరికీ తెలియలేదు. ఇంజను పట్టేసింది. ఎద్దులు కట్టి బండిని ఊళ్ళోకి ఈడ్చుకొచ్చారు.

ఆ వారంలోనే పెద్దనాయన హాలహర్వి నుంచి వచ్చాడు. వాకిట్లో నిలబడిన బండి చుట్టూ ఒకసారి తిరిగి, అరుగు మీద కూర్చొని, సంగతి తేల్చేశాడు.

“తూకానికి అమ్మేయమ్మా. ఆడమనిషివి డ్రైవర్లతో నీకేం పని? నా ఇంటికి రా. నీకింత ముద్ద పెట్టల్యానా నేను?”

“పెడతావన్నా. వదిన గూడా పెడతాది, కాదన్ను,” అంది అత్త. “పెట్టిన ముద్ద ముందర కూసుంటే నాకు ఆకలి సస్తాది. అదే నా రోగం.”

“మరి ఏం సేస్తావు?”

“ఇంగొక్క ఇంజను ఏస్తా. అది గూడా కాలిపోతే తలుపుకు తాళం ఏసి, నువ్వు పిలవకనే వస్తా. సరేనా?”

ఆయన సరే అన్నాడు. రెండో ఇంజనూ కాలుతుందని ఆయనకు నమ్మకం. చెల్లెలి మీద ప్రేమ లేక కాదు, ప్రేమ ఎక్కువై. హాలహర్విలో ఆయన పదిమందికి పెట్టే మనిషి. తోడబుట్టింది టాక్సీ కిరాయిలతో బతుకుతోందంటే ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

అప్పుడు అత్త నన్ను పిలిపించింది. నేను జిన్నింగు మిల్లులో లారీ తోలేవాడిని. బళ్ళారి నుంచి ఒక మేస్త్రీని పిలిచి, బోల్తా పడిన ఒక చిన్న లారీలోని డీజిల్ ఇంజను తెప్పించి, అమెరికా కారులో దించాము. గేరుబాక్సుతో సహా. డీజిలు తక్కువ తాగుతుంది, ఎక్కువ లాగుతుంది. ఇంజను బాగానే కూర్చుంది. కూర్చోనిది డ్యాష్‌బోర్డు ఒక్కటే.

దానిలో ఉన్నవన్నీ పాత ఇంజనుకు కొలిచి పెట్టిన అద్దాలు. కొత్త ఇంజనులో నూనె ఒత్తిడి ఎక్కువ, స్టార్టు చేయగానే పాత ముల్లు ఎగిరి చివరి మేకుకు తగులుకొని అక్కడే ఉండిపోయింది. బ్యాటరీ తీగలు ఈ ఇంజనుకు తిరగేసి తగిలించాలి, దాంతో కరెంటు వస్తుంటే పోతున్నట్టు, పోతుంటే వస్తున్నట్టు చూపిస్తోంది. నీళ్ళ వేడి చూపేది ఇంజను తలకే బిగుసుకోలేదు, మర చుట్లు వేరు. లారీలోని అద్దాలు తెచ్చి పెడదామంటే అవి ఈ రంధ్రాల్లో పట్టవు.

బళ్ళారి మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ, “అవన్నీ ఎందుకు తల్లీ? బండి నడుస్తాది. ఇంజను సంగతి తెలుసుకునేకి చెవి ఉంటే సాలు,” అన్నాడు.

“నీ చెవి నీతోపాటు బళ్ళారికి పోతాది గదప్పా,” అంది అత్త. “నా బండికి ఏం మిగుల్తాది?”

అంతటితో ఆగలేదు. డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయించి, చేటలో పెట్టుకొని, బజారులో గడియారాలు బాగుచేసే భాయి దగ్గరికి నన్ను తీసుకుపోయింది. భాయి భూతద్దం కంటికి పెట్టుకొని చూసి, లారీ అద్దాల్లోని యంత్రాలను పాత కారు గిన్నెల్లో బిగించవచ్చన్నాడు. గిన్నె కారుది, లోపలి పేగులు లారీవి. “కాంటా, అదే ముల్లు, తిరుగుతుంది అమ్మా, అది నా పూచీ. కానీ కింద రాత మారాలి. ఇంగ్లీషులో ఏం రాయమంటావు?”

“ఇంగిలీసు ఎవరు సదవల్లప్పా? నాకు రాదు. వీడికి రాదు. తెలీని సదువు నా బండ్లో వద్దు. తెలుగులో రాయి.”

అలా మొదలైంది ఆ రాతకోతల వ్యవహారం. నూనె అద్దంలో ఒక చివర ‘ఉండాది’, ఇంకో చివర ‘ల్యా’ అని రాయమంది. భాయి కాస్త సంకోచించి, బడిలో చెప్పే తెలుగులో రాస్తే బాగుంటుందేమో అన్నాడు. “బండి ఏమన్నా బడికి పోతాదా?” అంది అత్త. బ్యాటరీ ముల్లు తిరగబడిందని చెబితే, ముల్లు జోలికి పోవద్దు, మాటలు తిప్పి రాస్తే చాలదా అని, అటు ‘వస్తాంది’, ఇటు ‘పోతాంది’ అని రాయించింది. గేరుబాక్సు మారాక మైళ్ళ ముల్లు కూడా తప్పుగా తిరుగుతోందని, ముప్ఫైలో పోతుంటే నలభై చూపిస్తోందని నేను చెప్పాను. దాన్ని మాత్రం ముట్టనివ్వలేదు. “అది అట్లే ఉండనీ. నలభైలో పోతాండాననుకొని నువ్వు మెల్లగ పోతావు.” నిజంగానే అలాగే పోయేవాడిని, తెలిసి కూడా.

వేడి అద్దం దగ్గరే కథంతా ఉంది. సన్నటి రాగి గొట్టం, దాని చివర చిటికెన వేలంత గుండు. ఆ గుండు ఇంజను నీళ్ళలో మునిగి ఉంటుంది. నీళ్ళు కాగేకొద్దీ ముల్లు లేస్తుంది. ఏ వేడికి ముల్లు ఎక్కడ నిలబడుతుందో గుర్తులు పెట్టాలి. భాయి దగ్గర దానికి కొలత లేదు. అత్త దగ్గర ఉంది. ఇంటికి తీసుకొచ్చి, సంగటి కుండలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి, గుండును అందులో వేలాడదీసింది. భాయి చెప్పులు వాకిట్లో విడిచి, వంటింటి గడప బయట పీట మీద కూర్చొని, అద్దం చేతిలో పట్టుకొని, కుంచెతో తయారుగా ఉన్నాడు. చూడటానికి వచ్చిన పక్కింటామె, వండుకునే కుండలో ఇంజను సామాను పెడతారా అని బుగ్గలు నొక్కుకుంది. “దానితోనే గదా ఈ కుండలోకి గింజ వచ్చేది,” అని అత్త మంట ఎగదోసింది.

నీళ్ళు ఊరికే ఉన్నప్పుడు ‘పచ్చినీళ్ళు’ అని రాయించింది. వేలు పెట్టి చూసి ‘వెచ్చన’ అంది. ఆవిరి లేచినప్పుడు ‘కాక’ అంది. ఆ తర్వాత కుండలోకి వంగి చూస్తూ ఉంది. భాయి మరిగేదాకా ఆగుదామన్నాడు. “మరిగినాక సేసేది ఏముంటాది? పొంగి పొయ్యిలో పడినాక మొత్తుకునేదే,” అంది. కుండ అంచు చుట్టూ సన్న బుడగలు లేవడం మొదలయ్యేసరికి, “ఈడ. ఈడ రాయి. దించు,” అంది. భాయి ఎర్ర రంగుతో ‘దించు’ అని రాశాడు. పొయ్యి మీద నుంచి దించమని అర్థం. ఆమెకు అంతకంటే వేరే అర్థం తట్టలేదు, అప్పుడు నాకూ తట్టలేదు.

బండి మళ్ళీ రోడ్డెక్కింది. అత్త ముందు సీటు ఎక్కింది. మొదట్లో ఊరు నవ్వింది. బయల్దేరే ముందు కొంగుతో అద్దాలు తుడిచేది. స్వామి పటాన్ని పైన, వెనక చూసే అద్దం పక్కన పెట్టి, “స్వామి పైనుంచి సూస్తాడు. ముల్లును మనం సూడాల,” అనేది. ఆయుధపూజ నాడు అందరూ అద్దాల మీదే విభూతి, కుంకుమ పూస్తే, ఆమె చక్రాలకూ స్టీరింగుకూ పూసి అద్దాలను వదిలేసేది. దారిలో నేను పాట పాడినా, వెనక ఎక్కినవాళ్ళు కొట్లాడుకున్నా తల తిప్పేది కాదు. తెలియని మనుషులకు ఆమె గర్విష్ఠి అనిపించేది. కొంచెం గర్వం ఉండేది కూడా. ఉంటే ఏం? ఆమె చదవగలిగే డ్యాష్‌బోర్డు ఆ చుట్టుపక్కల ఇంకే బండికీ లేదు.

‘దించు’ అన్న ఆ మాట ఎంత పని చేస్తుందో ఆ మరుసటి ఎండాకాలం తెలిసింది. జాకీ జారి నా మణికట్టు బెణికింది. పసరు కట్టు కట్టుకొని ఉన్నాను. ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ళింట పెళ్ళికి నేనూ అత్తా ముందురోజే బస్సులో పోయాము. బండి తోలడానికి ఆస్పరి నుంచి ఒక బదిలీ డ్రైవరును పెట్టింది. నలభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. అంతా ఒకేసారి చెబితే మరిచిపోతాడని అత్త అతనికి ఒక్క ముక్కే చెప్పింది. “ముల్లు యాడికి పోతే, ఆడ ఏం రాసిండాదో సూసి అది సెయ్. అంతే.”

సరిగ్గా పెళ్ళిరోజే పెద్దనాయన ఆదోనిలో ఆ బండి ఎక్కాడు. చెల్లెలు ఎట్లా నెట్టుకొస్తోందో కళ్ళారా చూద్దామని, ఆమెకు రెండు జొన్న మూటలు కూడా వేసుకొని. మగ్గాలవాళ్ళు నలుగురు, వాళ్ళ నూలు కట్టలు. పైన మూటలు, లోపల మనుషులు, ఎదురుగా ఎండగాలి. దానికి తోడు ఫ్యాను బెల్టు వదులైంది. సగం దారిలో ఏటవాలు మీద ముల్లు మెల్లగా లేచి ఎర్ర రాత మీద నిలబడింది. డ్రైవరు కూడబలుక్కొని చదివాడు. దించు. బండి ఆపాడు. కిందికి దిగి, వెనక తలుపు తీసి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“దిగండప్పా.”

“ఎందుకు?” అన్నాడు పెద్దనాయన.

“దించమని రాసిండాది.”

“ఎవరు రాసింది?”

“అమ్మ రాయించింది.”

దించాడు. మనుషులను దించాడు, నూలు దించాడు, జొన్న మూటలు కూడా దించాడు. అంతా దించాక, చెప్పిన పని అయిపోయింది కాబట్టి బండి ఎక్కి వెళ్ళిపోయాడు. ఖాళీ బండి కావడంతో వేడి తగ్గి, ముల్లు ఎర్ర రాత దిగి ‘కాక’ మీదికి వచ్చింది.

పెళ్ళి పందిట్లోంచి మేము చూస్తుండగానే బండి వచ్చి నిలబడింది. లోపల ఒక్క పురుగు లేదు.

“జనం యాడప్పా?” అంది అత్త.

“దించినానమ్మా.”

“యాడ దించినావు?”

“ముల్లు సెప్పిన తావున.”

అత్త అతన్ని తిట్టలేదు. కారు తలుపు తీసి, వంగి, అద్దం చూసింది. తర్వాత మూత తీయించి ఇంజనుకు తగలకుండా పైన అరచెయ్యి పెట్టి చూసింది. నా వైపు తిరిగి, “కాలల్యా,” అంది. ఆ ఒక్క మాటలో ఆమె ఎంత ఊపిరి వదిలిందో నాకు తెలుసు. ఆ తర్వాత దించినవాళ్ళలో వాళ్ళన్న ఉన్నాడని తెలిసింది. అప్పుడు నవ్వింది. కూర్చొని, పొట్ట పట్టుకొని నవ్వింది. పెళ్ళికూతురు కూడా తలెత్తి చూసింది.

బెల్టు బిగించి, నీళ్ళు పోసుకొని తిరిగి పోయాము. పెద్దనాయన తుమ్మచెట్టు కింద జొన్న మూట మీద, గొడుగు విప్పుకొని కూర్చొని ఉన్నాడు. మగ్గాలవాళ్ళు ఆయన చుట్టూ చేరి ఆకువక్క నములుతున్నారు. ఆయన లేవలేదు.

“కాలిందా బండి?”

“కాలల్యాన్నా. ఎక్కు.”

“దించినోళ్ళే ఎక్కమంటే ఎక్కేకి నేనేం మూటనా?”

“దించితే ఏదైనా సల్లారతాది. నువ్వూ సల్లారింటావు. ఎక్కు,” అని, ఎవరికీ ఎప్పుడూ ఇవ్వని తన ముందు సీటు ఆయనకు ఇచ్చి, తాను వెనక మగ్గాలవాళ్ళ నూలు కట్టల మధ్య కూర్చుంది.

పెద్దనాయన కొంతసేపు కిటికీలోంచి చూశాడు. తర్వాత డ్యాష్‌బోర్డు చూశాడు. ఒక్కో అద్దం దగ్గరికి మొహం పెట్టి, పైకి చదివాడు. ఉండాది. వస్తాంది. కాక. ఎర్ర అక్షరాల దగ్గర ఆగిపోయాడు.

“పొయ్యి మీది కుండ దించినట్లా?” అన్నాడు వెనక్కి తిరగకుండానే.

“ఔన్నా.”

“నన్ను కుండను సేసినావు గదమ్మా,” అన్నాడు. ఆయన భుజాలు కదులుతుంటే కోపమనుకున్నాను. నవ్వు. ఎమ్మిగనూరు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చి నవ్వుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రం పెళ్ళి పంక్తిలో చెల్లెలి పక్కనే కూర్చొని తిన్నాడు. బండి అమ్మమని ఆ తర్వాత ఏనాడూ అనలేదు.

భాయి ఆ మాట మార్చి ‘ఆపు’ అని రాస్తానన్నాడు. అత్త ఒప్పుకోలేదు. “మాట తన పని సేసింది గదప్పా. ఇంజను నిలిచింది. మార్సల్సింది సదివేవాణ్ణి.” అన్నట్టే బదిలీ డ్రైవరుకు నన్నే పక్కన కూర్చోబెట్టి నేర్పించింది, తీసేయలేదు. చెప్పింది చేసేవాడు దొరకడం కష్టం, చెప్పడం నేర్చుకుంటే సరిపోతుందని ఆమె లెక్క. క్రమంగా ఆ మాట ఇంట్లోకి, వీధిలోకి పాకింది. మొగుడూపెళ్ళాలు గొంతు పెంచితే అత్త వాకిట్లోంచి, “దించు, దించు” అనేది. నాకు కోపం వచ్చి స్టీరింగు గట్టిగా పట్టుకుంటే, ముందుకు చూస్తూనే “దించు” అనేది. దించేవాడిని. ఆమె పక్కన కూర్చొని చాలా కోపాలు దించుకున్నాను, ఆ రుణం తీరేది కాదు.

ఆ ఇంజను కాలలేదు. ఈరోజుకూ నడుస్తోంది. అత్త తాళం వేయలేదు, హాలహర్వికి పోతే చుట్టంగా పోయింది, పొద్దున పోయి మాపటికి వచ్చింది.

దినాలు అయిపోయాక పెద్దనాయనను ఊళ్ళో దించడానికి నేనే బండి తోలుకుపోయాను. ముందు సీటు చూపిస్తే తల అడ్డంగా ఊపి వెనక కూర్చున్నాడు. ఇంటి ముందు దిగి, లోపలికి రమ్మని, పెరటి వైపు తీసుకుపోయి ఒక గది తలుపు తీశాడు.

చిన్న గది. గోడలకు తెల్లగా సున్నం. మూలన ఎప్పుడూ మంట పెట్టని పొయ్యి, పక్కన దీపం గూడు, బట్టలు వేసుకోను దండెం. నేల అలికి ఉంది.

“మొదటి ఇంజను కాలిన ఏడు కట్టించినా,” అన్నాడు. “వస్తాది గదా అని. ఏటేటా ఉగాదికి సున్నం కొట్టిస్తాంటి. రాల్యా.”

ఆయన గడపలో నిలబడి ఆ పొయ్యి వైపు కాసేపు చూశాడు.

“ఈ గది ఖాళీగ ఉండేకి నా సెల్లెలు ఎంత పని సేసిందో సూడప్పా,” అన్నాడు. గొంతులో బాధ ఉంది. దాని మీద, బాధను తొక్కి నిలబడినట్టు, గర్వం ఉంది.

వసారాలో ఆ ఏటి జొన్న మూటలు చోటు చాలక ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పెద్దనాయన తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకొని, ఒక మూట చెవులు పట్టుకున్నాడు. “ఆ పక్క పట్టు,” అన్నాడు. ఇద్దరం మోసుకొచ్చి, ఎవరూ పడుకోని ఆ అలికిన నేల మీద, నడిమధ్య పెట్టాము.